అద్దె డిస్కు మీద గీతలు: హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే

అమెరికాలో 2006–08 మధ్య హై డెఫినిషన్ సినిమాలు ఈ రెండు రకాల డిస్కుల్లోనూ అద్దెకు దొరికేవి. రెండింటిదీ 405 నానోమీటర్ల లేజరే. అసలు తేడా డేటా పొర ఎంత లోతున ఉందన్నదాంట్లో.

హెచ్‌డీ డీవీడీలో అది 0.6 మిల్లీమీటర్ల లోపల, అచ్చం మామూలు డీవీడీలాగే. కానీ డీవీడీ పొరలో 4.7 జీబీ ఉంటే ఇందులో 15 జీబీ. అంత దట్టంగా ఉంది కాబట్టే డీవీడీ దాటేసే సన్నగీత దగ్గర ఇందులో బొమ్మ ఆగిపోతుంది. పైగా గట్టి పూత తప్పనిసరి కాదు. పది చేతులు మారేసరికి ఒళ్లంతా గీతలే. పాలిష్ పట్టించే వీలుండటం ఒక్కటే ఊరట.

బ్లూ-రేలో డేటా డిస్కు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది. వినడానికి భయమేస్తుంది గానీ, గట్టి పూత వల్ల గీత పడటమే అరుదు. లోతుగా పడిందా, ఇక పారేయాల్సిందే: పాలిష్ పడితే ముందు పోయేది ఆ పూతే. అయినా అద్దెకు నా ఓటు దీనికే.

సినిమా ఆగిపోతే ముందు డిస్కు మీద వేలిముద్రలు చూడండి. మైక్రోఫైబర్ గుడ్డతో నడిమి రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాక్ (డేటా రాసి ఉండే చుట్ల వరస) వెంటే సాగుతుంది, వరసగా పోయిన డేటాను ప్లేయర్ సరిదిద్దుకోలేదు.

ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు డిస్కుది. ఒక్కోసారి ఒక్కోచోట, వేరే డిస్కులతోనూ ఆగితే ప్లేయర్ లెన్స్‌ను అనుమానించండి. శుభ్రంగా ఉన్న కొత్త బ్లూ-రే అసలు మొదలే కాకపోతే ప్లేయర్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.