కడపలో పాత కార్ల డోర్ సామాను గుర్తుపట్టే అంగడి

పాత ఫియట్టో అంబాసిడరో పెట్టుకుని డోర్ సామాను కోసం తిరుగుతున్నవాళ్లు కడప పాత బస్టాండ్ వైపున్న ఈ సెకండ్‌హ్యాండ్ స్పేర్ల అంగడికి తప్పకుండా వెళ్లండి. బోర్డు లేదు, లోపల ఒక మనిషి పట్టేంత దారే ఉంటుంది, కానీ అక్కడ కూర్చునే భాయ్‌కి తెలిసినంత నేను కలిసిన ఇంకెవరికీ తెలియదు.

నాది ఫియట్ సూపర్ సెలెక్ట్. అమ్మినాయన కారుతో పాటు ఒక గోనెసంచి కూడా ఇచ్చాడు, అందులో హ్యాండిళ్లు, లాకులు, అద్దాలు ఎత్తే గ్లాస్ మెషిన్లు అన్నీ కలగాపులగం. వేరే ఊళ్లో ఒకాయన పైపైన చూసి అన్నీ ఫియట్‌వేనన్నాడు. ఈ భాయ్ అలా కాదు. ఒక బయటి హ్యాండిల్ తీసుకుని ముందు అయస్కాంతం పెట్టాడు, అంటలేదు. బరువు చూశాడు, క్రోమ్ కింద బొబ్బలు చూపించి "ఇత్తడి కాదన్నా, జింక్ పోత" అన్నాడు. హ్యాండిల్ నలుచదరపు కడ్డీకి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెడితే 7.9 మిల్లీమీటర్లు వచ్చింది. 5/16 అంగుళమంటే 7.94 మిల్లీమీటర్లు, కొద్దిగా అరిగిన 8 మిల్లీమీటర్ల కడ్డీ కూడా అంతే చూపిస్తుంది, అందుకే కొలతను నమ్మకుండా మర చూశాడు. 6 ఎంఎం బోల్టు దూరిస్తే లొడలొడలాడింది, అంటే అది పావు అంగుళం మర. ఫియట్‌వి మిల్లీమీటర్ల మరలు కాబట్టి అది ఫియట్‌ది కాదు. కిరోసిన్‌తో తుడిస్తే లోపలివైపు విల్మాట్ బ్రీడెన్ అని, కార్ల లాకులు, హ్యాండిళ్లు చేసిన బ్రిటిష్ కంపెనీ పేరు, పోత అక్షరాలు బయటపడ్డాయి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే అయినా, ఆ పేరు చాలా బ్రిటిష్ కార్ల సామాను మీద ఉంటుంది కాబట్టి అంతటితో తేల్చేయలేదు, తన దగ్గరున్న అసలు అంబాసిడర్ హ్యాండిల్ పక్కన పెట్టి బోల్టుల మధ్య దూరం సరిపోయాకే అది అంబాసిడర్‌దని చెప్పాడు.

నాకు బాగా నచ్చింది లాక్ విషయం. "డోరు ఎట్ల తెరుచుకుంటాదన్నా?" అని అడిగాడు. 1964లో డిలైట్ మోడల్ రాకముందు ఫియట్ 1100లకు ముందు డోర్ల మడత బందులు వెనకవైపు, మధ్య స్తంభానికే ఉండేవి, లాక్ ముందు అంచున ఉండేది. అది తెలియకుండా కుడి, ఎడమ అని రాసి అమ్మితే బిగించేటప్పుడు లాక్ నాలుక తిరగబడి ఉంటుంది. వెనక డోర్లకు ఆ గోల లేదు.

ధర తక్కువేమీ కాదు, బేరం కూడా పెద్దగా ఆడనివ్వడు. గుర్తుపట్టినందుకు మాత్రం ఏమీ తీసుకోలేదు, పైగా నా కారుకు పనికిరాని అంబాసిడర్ హ్యాండిల్‌ను మంచి రేటుకే కొనుక్కున్నాడు. ఫోన్లో ఫోటో పంపితే చెప్పడు. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. వస్తువును పాలిష్ చేయించకుండా, పాత స్క్రూలు పారేయకుండా అలాగే తీసుకెళ్లండి, ఆయన ముందు చూసేది వాటినే.