ఎద్దు లేని శివుడు: తంజావూరు మ్యూజియంలలో ఒకటిన్నర రోజు

తంజావూరు వెళ్ళేవాళ్ళలో చాలామంది పెద్దగుడి చూసుకుని, ఒక తలాడించే బొమ్మ కొనుక్కుని, మధ్యాహ్నానికల్లా కుంభకోణం బస్సెక్కేస్తారు. చాలా ఏళ్ళ కిందట నేనూ అదే చేశాను. ఈసారి నాన్న పట్టుబట్టడంతో గుడిని సాయంత్రానికి వాయిదా వేసి, పొద్దున్నే రాజభవనానికి వెళ్ళాం.

ముందు బస సంగతి. చెన్నై నుంచి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, అద్దె తక్కువ కదా అని కొత్త బస్టాండు వైపు ఒక లాడ్జిలో దిగాం. పేరెందుకు గానీ, వేడినీళ్ళు ఏడింటితో సరి. ఊళ్ళోకి రావాలంటే ప్రతిసారీ ఆటో. మిగిలిన అద్దె కాస్తా ఆటోలకే పోయింది. పాత బస్టాండు పరిసరాల్లో దిగండి, గుడీ రాజభవనమూ రెండూ నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటాయి.

రాజభవనం మొదలుపెట్టింది నాయకరాజులు, పెంచింది మరాఠాలు. ఇప్పుడు అందులో మ్యూజియంలు ఒకటి కాదు, మూడు నాలుగు. 1951లో పెట్టిన ఆర్ట్ గ్యాలరీకి పూట మొత్తం ఇవ్వవచ్చు. దర్బారు హాలులో మరాఠా రాజు రెండవ శరభోజి చేతులు జోడించి పాలరాతిలో నిలబడి ఉంటాడు. ఫ్లాక్స్‌మన్ అనే ఇంగ్లీషు శిల్పి పని. నిజాయితీగా చెబితే, చోళుల కంచు విగ్రహాలు చూశాక ఆ పాలరాయి కాస్త చప్పగా అనిపించింది.

తిరువెంగాడులో దొరికిన వృషభవాహనుడి ముందు మేం అరగంట నిలబడిపోయాం. కాలం 1011. ఈ శివుడికి నాలుగు చేతులు లేవు, రెండే. జడలను తలపాగాలా చుట్టుకున్నాడు, వాటి మధ్య పాములు. ఒక చెయ్యి నడుము కిందికి వాలింది, రెండోది ముందుకు వచ్చి గాలిలో దేనిమీదో ఆనుకుని ఉంది. ఆనుకున్నది నంది మీద. ఆ నంది ఇప్పుడు లేదు. కానీ ఆ మోచేతి వంపు, పాదం మీద పాదం వేసి ఒళ్ళు వదిలేసిన ఆ తీరు చూస్తే ఎద్దు ఎంత ఎత్తుండేదో మనకే తెలిసిపోతుంది. "మన ఊరి చెరువుగట్టున గేదె మీద చెయ్యేసి కబుర్లు చెప్పే వాళ్ళు ఇలాగే నిలబడేవారు" అన్నారు నాన్న. పక్కనే పార్వతి ఉంది, ఏడాది తర్వాత చేయించినది. వెనక్కి కూడా వెళ్ళి చూడండి, వీపు మీది పనితనం ముందువైపుకు ఏమాత్రం తీసిపోదు.

అదే ప్రాంగణంలో తరంగంబాడి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అస్థిపంజరం ఉంది. పిల్లలుంటే అక్కడికి తీసుకువెళ్ళండి. మరాఠా రాజుల సామాను ఉన్న గదులు నాకైతే పది నిమిషాల పని.

సరస్వతీ మహల్ గ్రంథాలయం మ్యూజియం చిన్నదే, ఒక హాలు అంతే. అయినా ఒక తెలుగువాడు తన ఇంటి అటక ఎక్కినట్టు ఉంటుంది. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు తెలుగులో రాశారు, రాయించారు. వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా శహాజీ కూడా తెలుగులో రాశాడు. అద్దాల పెట్టెలో తాటాకు మీద చీమల బారులాంటి అక్షరాలను నాన్న కళ్ళజోడు పైకెత్తి, ఒత్తులు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ పావుగంట చదివారు. ఒక పంక్తిన్నర తేలింది. ఆ పక్కనే మనుషుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చిన ఫ్రెంచి చిత్రకారుడు లెబ్రన్ బొమ్మలు, చైనాలో నేరస్తులకు వేసే శిక్షల బొమ్మలు. ఇవన్నీ ఒకే చోట ఎందుకంటే శరభోజికి పట్టని విషయం లేదు. కంటి రోగులకు చేసిన వైద్యం వివరాలను కళ్ళ బొమ్మలతో సహా రాయించి పెట్టిన రాజు ఆయన.

సాయంత్రం పెద్దగుడి. గర్భాలయం చుట్టూ ఉన్న లోపలి నడవలోని చోళుల కుడ్యచిత్రాలను మామూలు సందర్శకులకు చూపించరు. వాటి ఫొటోలు ఆవరణలోని చిన్న ప్రదర్శనశాలలో ఉన్నాయి, గోపురం వైపే చూస్తూ దాన్ని దాటిపోకండి.

మర్నాడు సగం పూట పదమూడు కిలోమీటర్ల దూరంలోని తిరువైయారుకు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి, ఆ వీధుల్లోనే పెసరపప్పుతో చేసే అశోక హల్వా. నెయ్యి వేళ్ళకు అంటుకుని ఒక పట్టాన వదలదు. నాన్న ఆ చేతులతోనే, గ్రంథాలయం కౌంటరులో కొన్న యక్షగానం పుస్తకం తెరవబోతే నేను లాక్కోవలసి వచ్చింది.