ఎస్‌క్యూఎల్‌గ్లాట్: క్వెరీలను ఒక డేటాబేస్ నుంచి మరొకదానికి మార్చే లైబ్రరీపై సమీక్ష

ఒక క్లయింటు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను, మరొకరు పోస్ట్‌గ్రెస్‌ను, ఇంకొకరు ఒరాకిల్‌ను వాడుతుండగా అందరికీ అవే రిపోర్టులు ఇవ్వవలసి రావడం బెంగళూరులో వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువారిలో చాలామందికి తెలిసిన సంగతే. మా బృందం పనీ అటువంటిదే. మైఎస్‌క్యూఎల్ రిపోర్టులను పోస్ట్‌గ్రెస్‌కు తరలించడానికి మేము ఎస్‌క్యూఎల్‌గ్లాట్ అనే పైథాన్ లైబ్రరీని వాడాము. ఇది ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా లభిస్తుంది.

ఇది కేవలం ఒక పదం తీసి మరో పదం పెట్టే పరికరం కాదు. క్వెరీని, అంటే డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశాన్ని, మొదట విడదీసి, దాని నిర్మాణాన్ని గ్రహించి, ఆ తరువాత కొత్త డేటాబేస్ పద్ధతిలో తిరిగి రాస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోని ఇఫ్‌నల్, గ్రూప్ కాంక్యాట్ ఫంక్షన్లను పోస్ట్‌గ్రెస్‌లో అదే పని చేసే కోయలెస్, స్ట్రింగ్ ఆగ్‌లుగా మార్చడం సులభమైన భాగం. నాకు నిజంగా నచ్చినది భాగహారం విషయంలో అది చూపే జాగ్రత్త. 5ను 2తో భాగిస్తే మైఎస్‌క్యూఎల్‌లో 2.5 వస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో 2 మాత్రమే వస్తుంది. సున్నాతో భాగిస్తే మొదటిది నల్ (విలువ లేదని తెలిపే గుర్తు) ఇస్తుంది, రెండవది ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఈ రెండు తేడాలనూ గుర్తించి, పై సంఖ్యను దశాంశ రకానికి మార్చే కాస్ట్‌నూ, కింది సంఖ్య సున్నా అయితే దాన్ని నల్‌గా మార్చే నల్‌ఇఫ్‌నూ అదే చేరుస్తుంది. ఆరోహణ క్రమంలో నల్ విలువలు మైఎస్‌క్యూఎల్‌లో ముందు, పోస్ట్‌గ్రెస్‌లో చివర వస్తాయి కనుక, వరుసల క్రమాన్ని నిర్ణయించే ఆర్డర్ బైకి నల్స్ ఫస్ట్ అని కూడా జోడిస్తుంది. చేత్తో మార్చేటప్పుడు ఎర్రర్ ఏదీ రాకుండానే రిపోర్టులో అంకెలు తప్పిపోయేది సరిగ్గా ఇటువంటి చోట్లనే.

అయితే క్వెరీ పాఠంలో కనిపించని తేడాలను ఇది పట్టుకోలేదు. పేర్ల పోలికలో చిన్న, పెద్ద అక్షరాలను మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) ఒకటిగానే చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ వేరుగా చూస్తుంది; ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గానే భావిస్తుంది. అందుచేత పాత, కొత్త క్వెరీలను ఒకే డేటాపై నడిపి ఫలితాలను పోల్చి చూడడం తప్పనిసరి. కొత్త డేటాబేస్‌లో లేని సదుపాయం ఎదురైనప్పుడు డిఫాల్ట్‌గా హెచ్చరిక మాత్రమే ఇచ్చి ముందుకు సాగుతుంది కాబట్టి, అన్‌సపోర్టెడ్ లెవెల్ అనే సెట్టింగును రెయిజ్‌కు (ఎర్రర్‌తో ఆగిపోయేలా) మార్చిన తరువాతే పని మొదలుపెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

కొత్తగా రాసే క్వెరీలను కోయలెస్, కేస్, కాస్ట్ వంటి ప్రామాణిక రూపాలకే పరిమితం చేసుకుంటే ఈ లైబ్రరీ అవసరం చాలావరకు తగ్గుతుంది. వరుసల సంఖ్యను పరిమితం చేసే చోట మాత్రం ఆ వెసులుబాటు లేదు: లిమిట్ ఒరాకిల్‌కు తెలియదు, ఒరాకిల్ 12సీ నుంచి ఉన్న ఫెచ్ ఫస్ట్ మైఎస్‌క్యూఎల్‌కు తెలియదు. ఈ రెండు డేటాబేస్‌లకూ రిపోర్టులు ఇచ్చే బృందం ఈ లైబ్రరీని తప్పక వాడవచ్చు.