కొండల కోసం కిందికి దించిన బీబీ, మన గట్ల మీద

కోనసీమలో చాలాకాలం తొక్కాక ఈ సైకిల్ గురించి నా మాట: గట్టి నేల మీద హాయి, ట్రాక్టర్ గాడిలో విసుగు. రెండింటికీ కారణం ఒక్కటే, బాటమ్ బ్రాకెట్ (బీబీ, అంటే పెడళ్లు తిరిగే ఇరుసు ఉండే చోటు) ఎత్తు. గేర్లు, బ్రేకుల సంగతి అందరూ అడుగుతారు. దీని గురించి ఎవరూ అడగరు.

నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), ముందు 100 మి.మీ. దిగే ఫోర్కు. గచ్చు మీద నిలబెట్టి టేపు పెడితే నేల నుంచి బీబీ నడిమికి 303 మి.మీ. వచ్చింది. పాత 27.5 అంగుళాల బండికి 318. పదిహేనేగా అనిపిస్తుంది. కానీ పెద్ద చక్రం ఇరుసు ఇంకో 20 పైన ఉంటుంది. అంటే ఇరుసుల వరస నుంచి చూస్తే నా పాదాలు 35 మి.మీ. కిందికి దిగినట్టు. ఇరుసుల వరసకు బీబీ ఎంత కిందుందో దాన్నే బీబీ డ్రాప్ అంటారు. పాతదాని మీద ఎక్కి కూర్చున్నట్టుండేది, దీంట్లో కుదురుకుని కూర్చున్నట్టుంటుంది. గౌతమి ఏటిగట్టు వంపుల్లో వేగం తగ్గించకపోయినా తడబడదు. సీటు ఎత్తు కూడా బీబీ నుంచే కొలుస్తాం కాబట్టి, బురదలో ఆగిపోతే కాలు ఇట్టే నేలకు అందుతుంది. వానాకాలం లంకల్లో తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక గాడి. సార్వా కోతలకు ట్రాక్టర్లు దిగిన దారి తర్వాత ఎండి బిగుసుకుపోతుంది. 175 మి.మీ. క్రాంకు (పెడల్ బిగించే చేయి) పూర్తిగా కిందికి వచ్చినప్పుడు పెడల్ ఇరుసు నేలకు 128 మి.మీ. ఎత్తులో ఉంటుంది. పెడల్ మందం, మన బరువుకు ఫోర్కు దిగేది తీసేస్తే మిగిలేది నాలుగంగుళాల చిల్లర. గాడి అంచుకు పెడల్ తగిలిందా, బండి పక్కకు విసిరేస్తుంది. కొండ దిగేవాడు పెడళ్లు రెండూ సమంగా పెట్టి నిలబడి దిగుతాడు, కాబట్టి కింద ఉన్న బీబీ అతనికి లాభమే. డెల్టాలో దిగడానికి ఏముంది? ఏటిగట్టు తప్ప అంతా చదునే. తొక్కడం ఆపితే బండి ఆగుతుంది, గాడిలోనూ తొక్కాల్సిందే.

అందుకే క్రాంకు 165కి మార్పించాను. సైకిల్ షాపాయన "ఇదెందుకండి బాబూ, పిల్లల సైకిల్‌కా?" అన్నాడు. పెడల్ కింద 10 మి.మీ. దొరికింది, బీబీ కదల్లేదు కాబట్టి వంపుల్లో కుదురూ పోలేదు. సీటు అంతే పెంచాలి, కాలు అందడం ఆ మేరకు తగ్గుతుంది. తొక్కుడు పట్టు దాదాపు 6 శాతం పోతుంది గానీ గట్టు ఎక్కేటప్పుడు తప్ప గుర్తే రాదు, ఒక గేరు దించితే సరి.

మిత్రుడొకడు 120 ఫోర్కు వేయించాడు. బీబీ ఏడెనిమిది మి.మీ. లేచింది, కానీ హెడ్ యాంగిల్ (ముందు ఫోర్కు వాలు) డిగ్రీ దాకా వాలిపోయి, చేలగట్టు మీద నెమ్మదిగా పోతే ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోంది. ఆ పని నేనైతే చెయ్యను. టైరు వెడల్పు 2.1 అంగుళాల నుంచి 2.4కి మార్చడం నయం, ఆరేడు మి.మీ. లేస్తుంది, ఇసుకలోనూ పనికొస్తుంది. ఫ్రేములో సందు చూసుకోండి, నల్లమట్టి ఇరుక్కుంటే చక్రం తిరగదు.

కాలువ గట్లు, తారు రోడ్లే అయితే 303 కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రోజూ చేల దారైతే 315 దరిదాపుల్లో చూడండి. కంపెనీ పట్టికలో డ్రాప్ ఒక్కటే ఇస్తే, టైరుతో కలిపి చక్రం వ్యాసంలో సగం కట్టి అందులోంచి దాన్ని తీసేయండి, ఎత్తు వస్తుంది.