పిస్గా అడవిలో ఓ పాత బడి: చూడాల్సినవి, దిగాల్సిన చోటు

అమెరికాలో నార్త్ కరొలైనాలోని షార్లెట్ నుంచి యాష్‌విల్ వెళ్లే మనవాళ్లు చాలామంది బిల్ట్‌మోర్ భవనం చూసి, బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి మీద ఫొటోలు దిగి వచ్చేస్తారు. భవనం టికెట్ బాగా ఖరీదు. అడవుల మీద ఇష్టం ఉంటే ఒక పూట పిస్గా అడవిలోని ‘క్రేడిల్ ఆఫ్ ఫారెస్ట్రీ’ అనే మ్యూజియానికి పెట్టుకోండి. పార్క్‌వే 412వ మైలు దగ్గర 276 రోడ్డెక్కి బ్రెవార్డ్ ఊరి వైపు దిగితే నాలుగు మైళ్లే.

బిల్ట్‌మోర్ భవనం కట్టించిన జార్జ్ వాండర్‌బిల్ట్ ఇక్కడ కొన్న భూముల్లో చెట్లు చాలావరకు నరికేసి ఉండేవి. వాటిని బాగుచేయడానికి 1892లో గిఫర్డ్ పించో అనే అమెరికన్ అటవీ నిపుణుణ్ని, 1895లో జర్మనీ నుంచి కార్ల్ షెంక్ అనే మరో నిపుణుణ్ని పిలిపించాడు. షెంక్ 1898లో ఇక్కడ అడవుల పెంపకం నేర్పే బడి పెట్టాడు. ఈ ఇద్దరికీ గురువులాంటివాడు డీట్రిచ్ బ్రాండిస్, మన దేశపు అటవీ శాఖకు 1864లో మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. షెంక్‌ను సిఫారసు చేసిందీ ఆయనే. బ్రాండిస్ అంతకుముందు బర్మా టేకు అడవులు చూసుకున్నవాడు. ఎక్కడి బర్మా టేకు, ఎక్కడి కరొలైనా ఓక్! అయితే 1882 మద్రాసు అటవీ చట్టం వెనకా బ్రాండిస్ సలహా ఉంది. మన్యంలో పోడు చేసుకునేవాళ్లను అది ఎంత ఇబ్బంది పెట్టిందో మనకు తెలిసిందే. ఈ ఇండియా లంకె గురించి అక్కడ ఇంకా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

లోపలి హాల్లో పిల్లలకు అడవి మంటలార్పే హెలికాప్టర్ సిమ్యులేటర్ ఉంది, వాళ్లు ఓ పట్టాన కదలరు. నాకు మాత్రం అసలు మ్యూజియం బయటే కనిపించింది. బిల్ట్‌మోర్ క్యాంపస్ బాట మీద బడి గది, విద్యార్థులున్న చెక్క ఇళ్లు వరసగా వస్తాయి. రెండో బాటలో దుంగలు లాగిన పాత ఆవిరి ఇంజన్ ఉంది. రెండూ చదును చేసిన దారులే, పెద్దవాళ్లూ నడవగలరు. 1914లో వాండర్‌బిల్ట్ పోయాక ఆయన భార్య ఈడిత్ దాదాపు 87 వేల ఎకరాలు ప్రభుత్వానికి అమ్మింది. 1916లో అదే పిస్గా జాతీయ అటవీ ప్రాంతమైంది. ఆ సంగతి ఆ చెట్ల కింద నిలబడి చదివితే ఉండే దమ్ము గాజు పెట్టెలో వస్తువులు చూస్తే రాదు.

బసకు బ్రెవార్డ్ నయం. యాష్‌విల్‌లో హోటళ్లు ఎక్కువే కానీ రేట్లూ ఎక్కువే. మేము దిగిన మోటెల్‌లో వేడినీళ్లు సరిగా రాలేదు, గది మాత్రం శుభ్రంగా ఉంది. టెంట్ అలవాటున్నవాళ్లకు డేవిడ్‌సన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. శాకాహారులు పులిహోరో, చపాతీలో కట్టుకెళ్లడమే మంచిది. అడవిలో ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే దింపుకోండి.

దారిలోనే లుకింగ్ గ్లాస్ జలపాతం, స్లైడింగ్ రాక్ ఉన్నాయి. వేసవి శని, ఆదివారాల్లో అక్కడ పార్కింగ్ కష్టం, పొద్దున్నే వెళ్లాలి. మ్యూజియం చలికాలంలో మూసేస్తారు. 2024 హెలీన్ తుఫాను ఈ కొండలను బాగా దెబ్బతీసింది కాబట్టి రోడ్లు తెరిచారో లేదో చూసుకునే బయల్దేరండి.