పాత ట్రాక్టర్ కోసం రావులపాలెం, మండపేట, భీమవరం తిరిగొచ్చాం

పాత ట్రాక్టర్ కొనడానికి గోదావరి డెల్టాకి వెళ్లాలనుకుంటే మే నెలలో వెళ్లండి. అప్పటికి దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, బండ్లు చావిళ్లలో ఖాళీగా ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలి సార్వా (ఖరీఫ్ వరి) దమ్ములు, అంటే నీళ్లు పెట్టి పొలాన్ని బురద చేసే దున్నకాలు, మొదలయ్యాయంటే, అమ్మేద్దామనుకున్న రైతు కూడా ఈ సీజన్ సంపాదన చూసుకుని అమ్ముదాంలే అంటాడు. ఎండ మాత్రం దారుణం. బేరాలన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి.

మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట. నేనూ మా బావా కారులో బయల్దేరి రావులపాలెంలో దిగాం. గౌతమికి, వశిష్ఠకి మధ్య హైవే మీదే ఉన్న ఊరు కాబట్టి జొన్నాడ వంతెన దాటితే మండపేట వైపు, సిద్ధాంతం వంతెన దాటితే పశ్చిమ డెల్టా వైపు, కిందకి వెళ్తే కోనసీమ. తిరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. హైవే పక్క లాడ్జిలో రూమ్ శుభ్రంగానే ఉంది, ఏసీ పనిచేసింది, కానీ రాత్రంతా లారీల హారన్లే. వెనక వైపు రూమ్ అడిగి తీసుకోండి. భీమవరంలో లాడ్జీలు ఇంకా బాగుంటాయి, రేటూ అలాగే ఉంటుంది. పెళ్లిళ్ల రోజుల్లో ముందే ఫోన్ చేయకపోతే దొరకవు. తిండికి మాత్రం నా ఓటు మండపేట మెస్‌కే. పక్కనే తాపేశ్వరం, కాజా తినకుండా రావడం కుదరదు.

డబ్బు బాగా గిట్టుబాటైంది మండపేట మెకానిక్ దగ్గర. బండికి ఇంతని మాట్లాడుకుని వెంట తీసుకెళ్లాం. బ్రోకర్‌కి ఇచ్చే కమీషన్ కన్నా చాలా తక్కువ, పైగా ఆయనకి బేరం కుదిరినా కుదరకపోయినా ఒకటే. మొదటి రోజే చెప్పాడు: “ఇంజన్ మోత విని మురిసిపోకండి బాబూ. గేరు బాక్సులో పని పడితే బండిని మధ్యకి విడగొట్టాలండి. సీజన్ మధ్యలో ఆ పని పడిందంటే ఆ పంట పోయినట్టే, ఆయ్.”

డెల్టా బండ్లకి గేరు బాక్సు ఎందుకు పోతుందో ఆయన చెబితేనే అర్థమైంది. దమ్ము చక్రాలు వేసి, ఇరుసు దాకా బురదలో రోజుల తరబడి తిప్పుతారు. వెనక ఇరుసు ఆయిల్ సీళ్లు అరిగితే బురద నీళ్లు లోపలికి పోతాయి. చాలా బండ్లలో గేర్లకీ, వెనక చక్రాలని తిప్పే క్రౌన్ పినియన్‌కీ, వెనక పనిముట్లని లేపే హైడ్రాలిక్ లిఫ్ట్‌కీ ఆయిల్ ఒకటే కాబట్టి ఒక చోట చేరిన నీళ్లు అన్నిటినీ తింటాయి. మండపేట దగ్గర చూసిన మహీంద్రా 575కి కొత్త పెయింట్, కొత్త టైర్లు. గేజి పుల్ల తీస్తే ఆయిల్ పాల టీ రంగులో ఉంది. మెకానిక్ ఇంజన్ స్టార్ట్ కూడా చేయించలేదు. ఆయిల్ మార్చి అమ్మేస్తే అది కూడా కనపడదు. అందుకే కింద డ్రెయిన్ బోల్ట్ విప్పించి చూడాలి. బోల్ట్‌కి మెత్తటి నల్లటి ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలేంత ఇనప ముక్కలు వస్తే లోపల పళ్లు విరుగుతున్నట్టే.

భీమవరం వైపు చూసిన స్వరాజ్ 735 అసలు చప్పుడే లేదు. నాకు తెగ నచ్చింది. మెకానిక్ వేలికి ఆయిల్ రాసుకుని చూసి, ఇది మరీ చిక్కగా ఉంది, మోత అణచడానికి పోసి ఉంటారు, బాగా వేడెక్కనివ్వండి అన్నాడు. అరగంట పైగా రోడ్డు మీద తిప్పాక గేరు బాక్సు ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపుని బట్టి లోపం చెప్పొచ్చట. ఒక్క గేరులోనే మోత వస్తే ఆ గేరు పళ్లు. అన్ని గేర్లలో వస్తే బేరింగులు గానీ క్రౌన్ పినియన్ గానీ. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ తొక్కగానే ఆగితే గేరు బాక్సు ముందు షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే వస్తే క్లచ్‌ని నెట్టే రిలీజ్ బేరింగ్, అది చిన్న ఖర్చే కానీ మార్చాలంటే మళ్లీ బండి విడగొట్టాల్సిందే.

తర్వాత కాలవ వంతెన ఎక్కించి, దిగేటప్పుడు రేజ్ పూర్తిగా వదిలేశాడు. మూడో గేరు తనంతట తానే జారి న్యూట్రల్‌లోకి వచ్చేసింది. పళ్ల అంచులు గుండ్రబడినా, గేరు రాడ్డుని పట్టి ఉంచే గోళీ స్ప్రింగ్ వీకైనా ఇలా అవుతుంది. చదును నేల కాబట్టి డెల్టాలో ఈ పరీక్షకి వంతెన వాలు వెతుక్కోవాలి, లేదా వెనక లోడు ట్రక్కు (ట్రాలీ) తగిలించాలి. ఇటుకల లోడుతో వాలు దిగేటప్పుడు గేరు జారితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ బండి ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనే చెబుతాను.

అంతర్వేది వైపు ఒక బండి ఉందంటే నరసాపురం నుంచి పంటు (బండ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాం. కారుతో సహా దాటేయొచ్చు, చించినాడ వంతెన చుట్టు తప్పుతుంది, గోదావరి గాలికి అలసట పోయింది. ఆ ప్రయాణం ఎవరికైనా సిఫారసు చేస్తాను. బండి మాత్రం ఉప్పు చెరువుల పనికి తిరిగింది, హౌసింగ్ బోల్టులన్నీ తుప్పు. చూడగానే వెనక్కి తిరిగాం.

చివరికి కడియం నర్సరీల వైపు దొరికింది, అదీ స్వరాజ్ 735. మొక్కల లోడు, మట్టి తోలకం తప్ప దమ్ము పెద్దగా తెలియని బండి. ఎదురుగా ఖాళీ చూసుకుని, బ్రేకులు బిగబట్టి, పై గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఠక్కున ఆగింది, అంటే క్లచ్ ప్లేటు జారడం లేదు. వెనక చక్రం జాకీ మీద లేపి ముందుకీ వెనక్కీ ఊపితే కొద్దిగానే ఆడింది, అంటే లోపల పళ్లు పెద్దగా అరగలేదు. ముందుకి 8 గేర్లు, వెనక్కి 2, హైలోనూ లోలోనూ అన్నీ వేసి నడిపాం. వెనక పనిముట్లని తిప్పే షాఫ్ట్ పి.టి.ఓ. కూడా తిప్పి చూశాం. రోటవేటర్ వేసేవాళ్లు ఇది మరిచిపోకూడదు. బురదలో ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ పెడల్ మాత్రం పట్టేసి ఉంది. అది చూపించే రేటు తగ్గించాం.

కాగితాల దగ్గర ఓనరు గారు పద్ధతిగా ఉన్నారు. బండి మన పేరుకి మార్చే 29, 30 ఫారాలతో పాటు ఆర్‌సీలో ఉన్న ఫైనాన్స్ తీసేయడానికి బ్యాంకు 35వ ఫారం ఇచ్చాకే మిగతా డబ్బు తీసుకున్నారు. బండిని నడుపుకుని రాకుండా లారీ మాట్లాడాం. లారీ డ్రైవర్ గొలుసు లిఫ్ట్ చేతులకి కట్టబోతే మెకానిక్ ఆపి, ముందు వెనక ఇరుసులకి కట్టించి, బండిని గేరులో పెట్టి పంపాడు.