హాంబర్గ్ కోర్టా, నల్లగొండ కోర్టా: ఎగుమతి ఒప్పందంపై తీసుకున్న ఒక న్యాయ సలహా

పుట్టపాక నేతన్నల దగ్గర తేలియా రుమాళ్లు కొని హాంబర్గ్‌లోని ఒక దుకాణానికి పంపేందుకు కుదిరిన ఒప్పందంలో, తగాదా వస్తే హాంబర్గ్ కోర్టులోనే తేల్చుకోవాలన్న షరతు కనిపించింది. దాన్ని కొట్టివేయించి నల్లగొండ పేరు రాయించాలన్న పట్టుదలతో జిల్లా కోర్టు సమీపంలోని ఒక వకీలు గారిని కలిశాను. నాలుగు వేల రూపాయల ఫీజు తీసుకుని ఆయన చెప్పిన మొదటి మాట, ఆ షరతు జోలికి పోవద్దని.

సరుకు ముందుగా పంపి, అరవై రోజుల తర్వాత డబ్బు తీసుకునేది నేను కాబట్టి దావా వేయవలసి వచ్చేదీ నాకేనని, అవతలివారి ఖాతాలూ గోదాములూ జర్మనీలోనే ఉన్నాయని ఆయన గుర్తుచేశారు. నల్లగొండలో డిక్రీ గెలిచినా అది అక్కడ నేరుగా అమలు కాదు. హాంబర్గ్ తీర్పు మాత్రం, కోర్టుల అధికారం, తీర్పుల అమలు గురించిన ఐరోపా సమాఖ్య 1215/2012 నిబంధన ప్రకారం, వారి ఆస్తి రేపు మిలాన్‌కు తరలిపోయినా ప్రత్యేక అనుమతి అవసరం లేకుండా అక్కడ అమలవుతుంది. కోర్టును ఎంచుకునే ఒప్పందానికి ఆ నిబంధన 25వ అధికరణం వర్తించాలంటే ఇరుపక్షాలు ఐరోపావారే కానక్కరలేదు. భద్రపరచి ఉంచుకోగల ఈమెయిలు కూడా రాతపూర్వక ఒప్పందం కిందే లెక్క.

బాకీదారు నిదానంగా నడిచే మరో దేశపు కోర్టులో ముందే దావా పడేస్తే, ఒప్పందంలో ఎంచుకున్న కోర్టు సైతం ఆగవలసిందేనని 2003లో గాసర్ కేసులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. ఈ ఎత్తుకు ‘ఇటాలియన్ టార్పెడో’ అని పేరు. గట్టు తగాదాల్లో ఇంజంక్షన్ కోసం ముందుగా పరుగెత్తేవారిని చూసిన నాకు దాన్ని విడమరచి చెప్పనక్కర లేకపోయింది. 1215/2012 నిబంధన దీన్ని మార్చింది: 2015 జనవరి 10 నుంచి దావాలు వేసిన కేసుల్లో, ఒప్పందం ప్రకారం ఆ కోర్టుకు మాత్రమే అధికారం ఉంటే, దానిదే మొదటి మాట.

ఆయన సలహాలో లోపం ఒకటుంది. అదే దుకాణానికి లండన్‌లో ఉన్న శాఖ గురించి అడిగితే, అక్కడా ఇదే నిబంధన అన్నారు. వారం తర్వాత తానే ఫోన్ చేసి, బ్రెగ్జిట్ తర్వాత ఇంగ్లండ్‌కు అది వర్తించదని, కోర్టు ఎంపిక ఒప్పందాలకు 2005 నాటి హేగ్ ఒడంబడిక ఉందని సరిదిద్దారు. ఈలోగా నేను లండన్ శాఖతో ఒప్పందంపై సంతకం పెట్టివుంటే? దుకాణంవారు జర్మనీ తీర్పుతో నా మీదికి రావాలంటే ఇక్కడ కొత్తగా దావా వేయాలి. లండన్ హైకోర్టు డిక్రీనైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద మన జిల్లా కోర్టులోనే దాఖలు చేసి అమలు చేయించుకోవచ్చు. ఈ తేడా ఆయన మొదటిరోజే చెప్పవలసింది.

అయినా అడగ్గానే రెండు పేజీల అభిప్రాయం తెలుగులో రాసిచ్చారు. కోర్టు వేళలు ముగిశాక వెళితేనే తీరిగ్గా మాట్లాడతారు.